కీళ్లే ముందు చెప్పాయి

1865 మే 4. ఇప్పటి జర్మనీలో ఉన్న ఫ్రైబర్గ్ పట్టణం. యూనివర్సిటీ ఆసుపత్రి మెట్లు తనంతట తానే ఎక్కి వచ్చిన 27 ఏళ్ల దర్జీ ఒకడు, చూపించిన మంచం మీద వాలిపోయాడు. పేరు కార్ల్ జోయ్‌ఫార్ట్. సొంత దుకాణం లేదు. ఊరూరూ తిరిగి, పని దొరికిన చోట నాలుగు బట్టలు కుట్టి బతికే మనిషి. ఒళ్లు కాలిపోతోంది. తిండి సయించడం లేదు. కండరాలన్నీ ఒకటే సలుపు. కుడిచేతి వేళ్లు మొద్దుబారాయి. సూది పట్టే వేళ్లవి.

ఆయన్ను చూసిన వైద్యుడు అడాల్ఫ్ కుస్‌మౌల్. మధుమేహం ముదిరినవాళ్లు తీసే లోతైన ఊపిరిని ఇవాళ్టికీ డాక్టర్లు ఆయన పేరుతోనే చెప్పుకుంటారు. అంతటివాడికీ ఈ జబ్బేమిటో అంతుపట్టలేదు. మనిషి దక్కడన్నది మాత్రం తొలిచూపులోనే అర్థమైంది. రోజులు గడిచేకొద్దీ కాళ్లూ చేతులూ లేవడం మానేశాయి. కడుపులో మెలిపెట్టే నొప్పి. మూత్రం తగ్గిపోయింది, అందులో ప్రొటీన్ పోతోంది. మెట్లెక్కి వచ్చిన మనిషి సుమారు నెల తిరిగేసరికి కన్నుమూశాడు.

శవపరీక్షలో కుస్‌మౌల్ పక్కన నిలబడ్డది పాథాలజిస్టు రుడాల్ఫ్ మేయర్. గుండెకు, పేగులకు, కిడ్నీలకు, కండరాలకు వెళ్లే ధమనుల వెంబడి గింజల్లాంటి కణుతులు వాళ్ల కళ్లకే కనిపించాయి. మొదట నులిపురుగుల పనేమో అనుకున్నారు, అలాగని ఒక ముందస్తు నివేదిక కూడా రాశారు. మళ్లీ మళ్లీ చూశాక పురుగులు లేవని తేలింది. రక్తనాళం గోడే వాచి, చిల్లులు పడి, ఉబ్బి, మూసుకుపోయింది. 1866లో వాళ్లిద్దరూ అచ్చు వేయించిన వ్యాసం, రక్తనాళాల వాపు జబ్బుకు వైద్యశాస్త్రంలో దొరికే తొలి పూర్తి వర్ణన. వాస్క్యులైటిస్ అని ఇవాళ పిలిచే కుటుంబమంతా ఆ దర్జీ మంచం దగ్గరే మొదలవుతుంది.

ఆ పాత కథ ఇక్కడ ఎందుకంటే, అదే వృత్తిలో ఉన్న చేతులు మన పాతబస్తీలో ఇంటింటా ఉన్నాయి. అదే కుటుంబానికి చెందిన జబ్బు వాటిలో ఒక జతను పట్టుకుంటే ఏమవుతుందో చెప్పాలి. హైదరాబాద్ కిషన్‌బాగ్. ఒకవైపు మీర్ ఆలం చెరువు, జూ పార్కు, ఇంకోవైపు మూసీ, అత్తాపూర్. మురళీ మనోహర స్వామి గుడి గంటా మసీదు అజానూ వినిపించే ఆ గల్లీల్లో ఒక ఇంటిని, ఆ ఇంట్లో కిటికీ పక్కన ఒక కుట్టుమిషన్‌ను, నలభై దాటని ఒక తల్లిని ఊహించుకుందాం. ఆమె ఏ ఒక్కరూ కాదు, అందుకే పేరు పెట్టడం లేదు. కానీ ఆమెకు జరిగేవాటిలో వైద్యులు రాసిపెట్టిన కేసుల్లో కనపడనిది ఒక్కటీ లేదు.

ఆషాఢం వచ్చింది. బోనాల జాకెట్లు, వెనకే శ్రావణం పెళ్లిళ్ల జాకెట్లు. ఫాల్స్, పీకో పని వేరే. పొద్దున లేచేసరికి కుడి మణికట్టు వాచి ఉంది. కత్తెరలో వేలు దూరలేదు. వేడినీళ్లలో ముంచి, ఇంత బామ్ రాసుకుని కూర్చుంది. మూడు రోజులకు మణికట్టు తగ్గింది, ఎడమ మోకాలు పట్టేసింది. అదీ సర్దుకుంటోందనుకుంటే చీలమండ.

"ఏందక్కా, మిషిన్ సప్పుడే లేదు?" అంటూ పక్కింటామె తలుపు దగ్గర నిలబడింది.

"మోకాలు వంగుతలేదు ఆపా. నిన్న చెయ్యి, ఇయ్యాల కాలు. తిరుగుతాంది నొప్పి."

"చికెన్‌గున్యా అయ్యుంటది. మా మరిదికి గిట్లనే ఆరు నెలలు పట్టింది."

ఆపా మాట తీసిపారేసేది కాదు. 2005 చివర్లో ఆ వైరస్ దేశంలోకి మళ్లీ వచ్చింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గుండానే. అప్పట్నుంచి మన దగ్గర కీళ్లు పట్టేస్తే ముందు నోటికొచ్చేది ఆ పేరే. విచిత్రమేమిటంటే, రక్తనాళాల వాపును పట్టిచ్చే ముఖ్యమైన రక్తపరీక్ష కూడా అలాంటి అనుమానం నుంచే పుట్టింది. 1982లో ఆస్ట్రేలియా వైద్యులు డేవిస్, ఆయన సహచరులు, కిడ్నీలు దెబ్బతిన్న 8 మంది రక్తంలో, మన సొంత తెల్లకణాల మీదే తిరగబడే యాంటీబాడీలను చూశారు. దీనికి కారణం రాస్ రివర్ వైరస్ కాదు కదా అని అనుమానించారు. అది చికెన్‌గున్యాకు దగ్గరి చుట్టమైన కీళ్లనొప్పుల వైరస్. ఆ అనుమానం నిలవలేదు, యాంటీబాడీ నిలిచింది. 1985లో వాన్ డెర్ వౌడె బృందం దాన్ని, రక్తనాళాల వాపు జబ్బుల్లో ఒకటైన వెగెనర్ జబ్బుతో ముడిపెట్టి లాన్సెట్‌లో రాసింది. ఆంకా అని ఇవాళ ల్యాబ్ చీటీల మీద రాసేది దాన్నే.

గల్లీ చివర డాక్టరు నొప్పి గోలీలు రాశాడు. తగ్గకపోతే రక్తపరీక్ష అన్నాడు. ఆర్ఏ ఫ్యాక్టర్ పాజిటివ్ వచ్చింది. "కీళ్లవాతం అమ్మా, జీవితాంతం మందులు వాడాలె" అన్నాడు. ఆ మాటకు ఆమె దిగులుపడింది, ఏదో ఒకటి తేలిందని కాస్త నిమ్మళపడింది కూడా.

ఇక్కడ ఆగాలి. ఆర్ఏ ఫ్యాక్టర్ కీళ్లవాతానికి మాత్రమే వచ్చేది కాదు. వెగెనర్ జబ్బు ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి ఈ పరీక్ష పాజిటివ్ వస్తుంది. ఆ కాగితం ఒక్కటే చూస్తే మోసపోతాం. కీళ్లవాతం సాధారణంగా చేతివేళ్ల చిన్న కీళ్లను రెండు వైపులా సమానంగా పట్టి కూర్చుంటుంది, ఏళ్లు గడిస్తే ఎముకను తినేసి వేళ్లను వంకర చేస్తుంది. రక్తనాళాల వాపు వల్ల వచ్చే కీళ్లనొప్పి తరచూ చోటు మారుతుంది. మణికట్టు, మోకాలు, చీలమండ వంటి పెద్ద కీళ్లలో తిరుగుతుంది, ఎముకను కొరకడం అరుదు. కీలు లోపలి పొర నిండా సన్నని రక్తనాళాలే కాబట్టి నాళాల్లో మొదలైన మంట అక్కడ తొందరగా బయటపడుతుంది. అయితే నొప్పి తీరు చూసి మాత్రమే ఎవరూ తీర్పు చెప్పలేరు. కీళ్లతో పాటు ఇంకేముంది అన్న ప్రశ్నే ఈ జబ్బును పట్టిస్తుంది.

ఇంకేముందో ఆమె ఒంట్లోనే ఉంది, అడిగినవాళ్లు లేరు. ముక్కులో ఎప్పుడూ పక్కు కడుతోంది. చీదితే రక్తపు చారలు. బట్టల దుమ్ము అనుకుంది. దసరా నాటికి ఒక చెవి మూసుకుపోయింది. ముక్కు డాక్టరు సైనస్ అన్నాడు. ఒక కన్ను ఎర్రబడితే కంటి డాక్టరు చుక్కలు ఇచ్చాడు. కీళ్ల సంగతి ముక్కు డాక్టరుకు ఆమె చెప్పలేదు. ముక్కుకూ మోకాలికీ ఏం సంబంధం? ముక్కు సంగతి కీళ్లు చూసే డాక్టరు అడగలేదు. ముగ్గురి చీటీలూ ఒకే ప్లాస్టిక్ సంచిలో, ఒకే మేకుకు వేలాడుతున్నాయి.

నొప్పి మరీ ఎక్కువైన రోజు ఎవరో సూది వేశారు. మంత్రం వేసినట్టు మర్నాడు లేచి కూర్చుంది. రెండు వారాలు మిషన్ ఆగకుండా నడిచింది. ఆ సూదిలో ఉన్నది స్టెరాయిడ్. ఏం వేశారో, ఎంత వేశారో చీటీ మీద రాసి ఇవ్వలేదు. మన బస్తీల్లో, పల్లెల్లో ఈ సూది ఎన్ని జబ్బుల మీద ముసుగు కప్పిందో తలుచుకుంటే కోపం వస్తుంది. స్టెరాయిడ్ ఈ జబ్బుకు నిజంగానే మందు. కానీ సరైన మోతాదులో, జబ్బు పేరు తెలిసి, పక్కన మరో గట్టి మందుతో ఇవ్వాలి. అరకొరగా పడితే పైమంట చల్లబడుతుంది, లోపల నాళాలు కాలుతూనే ఉంటాయి. సూది బలం దిగిపోయాక ఆమె మళ్లీ నొప్పి గోలీల మీద పడింది. పూటకొకటి మింగింది. మూత్రపిండాలకు అసలే గండం దగ్గరపడుతున్న వేళ ఆ గోలీలు వాటికి మరో దెబ్బ.

కార్తీకంలో దగ్గు మొదలైంది. ఒకనాడు కళ్లెలో రక్తం. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల్లో మచ్చలు. ఛాతీ డాక్టరు టీబీ అనుమానించాడు. ఆయన్ను తప్పు పట్టలేం, ప్రపంచంలోని టీబీ రోగుల్లో నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. కళ్లె పరీక్షలో క్రిమి దొరకలేదు. దొరకకపోయినా మందులు మొదలుపెట్టారు. రక్తనాళాల వాపు ఊపిరితిత్తుల్లో మచ్చలూ, గుల్లలూ చేస్తుంది. టీబీ కూడా చేస్తుంది. మన దేశంలో ఈ జబ్బు నెలల తరబడి టీబీ మందుల కింద దాగిపోవడం వైద్య పత్రికల్లో పదే పదే కనిపించే సంగతి.

1992లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ నుంచి గ్యారీ హాఫ్‌మన్, ఆంథొనీ ఫౌచీ, వారి సహచరులు 158 మంది వెగెనర్ రోగుల లెక్క ప్రచురించారు. ఈ జబ్బు మీద నేను చదివిన అన్నింటిలోకి నన్ను వదలనిది ఆ పట్టికే. జబ్బు మొదట్లోనే కీళ్లూ కండరాల బాధ ఉన్నవాళ్లు 32 శాతం. జబ్బు మొత్తం మీద ఎప్పుడో ఒకప్పుడు ఆ బాధ పడ్డవాళ్లు 67 శాతం. కిడ్నీల సంగతి చూడండి. మొదట్లో దెబ్బతిన్నవి 18 శాతం మందిలోనే. చివరికి లెక్క తీస్తే 77 శాతం. కిషన్‌బాగ్ ఇంట్లో ఆ తల్లి ఆషాఢం నుంచి పుష్యం దాకా గడిపిన కాలమంతా ఆ 18కీ 77కీ మధ్యనే ఉంది. మణికట్టు వాచిన నాడు కిడ్నీలు బాగానే ఉండి ఉండవచ్చు. ఎప్పుడు చెడ్డాయో ఎవరికీ తెలియదు, ఎందుకంటే మధ్యలో ఒక్కసారి కూడా మూత్రం పరీక్ష చేయలేదు.

కిడ్నీ చెడుతుంటే నొప్పి ఉండదు. ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల సన్నని వడపోత ఉండలు ఉంటాయి, ఉత్త రక్తనాళాల చుట్టలవి. ఆంకా యాంటీబాడీలు రెచ్చగొట్టిన తెల్లకణాలు ఆ నాళాల గోడలకు అంటుకుని పేలుతాయి. గోడ తెగుతుంది. ప్రొటీన్, ఎర్రకణాలు మూత్రంలోకి జారతాయి. కంటికి కనపడకముందే సూక్ష్మదర్శినికి కనపడతాయి, ఒక ముంచే పట్టీకి కూడా కనపడతాయి. బస్తీ దవాఖానలో డబ్బు తీసుకోకుండా చేసే పరీక్ష అది. హైదరాబాద్‌లో 2018 నుంచి ఆ దవాఖానలు ఉన్నాయి. అక్కడ తీసుకున్న నమూనాలు తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ల్యాబుకు వెళతాయి. ఇంతమంది డాక్టర్లు, ఇన్ని చీటీలు, వేల రూపాయలు ఖర్చయ్యాక లేనిదల్లా గుప్పెడంత మూత్రం పట్టే ఆ సీసా ఒక్కటే.

సంక్రాంతికి వారం ముందు ఆమె కాళ్ల మీద ఎర్రని చుక్కలు లేచాయి. నొక్కితే చెరగవు. కుడిపాదం బొటనవేలు దగ్గర మొద్దుబారింది, చెప్పు జారిపోయినా తెలియలేదు. మూత్రం టీ డికాషన్ రంగుకు తిరిగింది. ఆ రాత్రి ఆయాసం వచ్చింది. భర్త ఆటో మాట్లాడుకుని, బహదూర్‌పురా మీదుగా పురానాపూల్ దాటి అఫ్జల్‌గంజ్‌లోని పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. ప్లాస్టిక్ సంచి కూడా వెంట వెళ్లింది, అదే ఆమెను కాపాడింది.

క్యాజువాలిటీలో ఉన్నది ఇంకా పీజీ చదువుతున్న అమ్మాయి. తెల్లవార్లూ నిలబడ్డ కాళ్లు. ఆమె సంచి మొత్తం మంచం మీద బోర్లించింది. కీళ్ల చీటీ, ముక్కు చీటీ, కంటి చీటీ, ఎక్స్‌రే వరసగా పేర్చింది.

"అమ్మా, ఇవన్నీ ఎప్పటినుంచి?"

"కీళ్లు బోనాల కాడి నుంచి మేడం. కడమవన్నీ తర్వాత."

"మూత్రం పరీక్ష ఎప్పుడన్న చేసిన్రా?"

భర్త అడ్డంగా తలూపాడు. "గది ఎవ్వలు చెప్పలే మేడం."

మూత్రంలో ప్రొటీన్, గంపెడు ఎర్రకణాలు. రక్తంలో క్రియాటినిన్ ఉండాల్సినదానికి మూడింతలు దాటింది. ఆ అమ్మాయి ఫోన్‌లో పెద్ద డాక్టరుతో ఒకే వాక్యం చెప్పింది. "సార్, కీళ్లు, ముక్కు, ఊపిరితిత్తులు, కిడ్నీ, నరం... అన్నీ ఒకే మనిషిలో." అవతల నుంచి ఆంకా పంపమన్నారు, కిడ్నీ ముక్క తీసి చూడాలన్నారు, ఫలితం కోసం ఆగకుండా స్టెరాయిడ్ మొదలుపెట్టమన్నారు.

ఈ తొందర ఎందుకో 1958లో వాల్టన్ అనే వైద్యుడి లెక్క చెబుతుంది. సరైన చికిత్స లేని ఆ రోజుల్లో 56 మంది వెగెనర్ రోగులు జబ్బుతో బతికింది సగటున 5 నెలలు. ఏడాది తిరిగేసరికి 82 శాతం మంది లేరు. ఫ్రైబర్గ్ దర్జీ కాలం నుంచి తొంభై ఏళ్లు గడిచినా పెద్దగా మారిందేమీ లేదు. మార్చింది ఫౌచీ, షెల్డన్ వుల్ఫ్. క్యాన్సర్ మందు సైక్లోఫాస్ఫమైడ్‌ను స్టెరాయిడ్‌తో కలిపి ఇచ్చారు. 1983లో వారు ప్రకటించిన 85 మందిలో 93 శాతం మందికి జబ్బు పూర్తిగా అణిగింది. ఎయిడ్స్, కోవిడ్ కాలాల్లో ప్రపంచానికి తెలిసిన ఫౌచీ పేరు అంతకుముందే ఈ రోగుల ఇళ్లలో తెలుసు. 2010లో రిటుక్సిమాబ్ అనే మందు కూడా అంతే బాగా పనిచేస్తుందని రుజువైంది. దానికి ప్రపంచంలో తొలి బయోసిమిలర్‌ను తయారుచేసి 2007లోనే మార్కెట్లోకి తెచ్చింది మన హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్. సగం ధరకు దొరికిన ఆ సీసాలు ఎంతమంది మంచాల దాకా చేరాయో!

కిషన్‌బాగ్ తల్లికి మూడు రోజులు స్టెరాయిడ్ నరంలోకి ఎక్కించారు. ఆంకా పాజిటివ్ వచ్చింది. కిడ్నీ ముక్కలో నెలవంకల్లాంటి మచ్చలు కనిపించాయి, సగం ఉండలు నలిగిపోయాయని అర్థం. టీబీ మందులు ఆపేశారు. హెపటైటిస్ బీ లేదని తేల్చుకుని రిటుక్సిమాబ్ ఇచ్చారు. నాలుగు సార్లు డయాలిసిస్ చేయాల్సి వచ్చింది, తర్వాత దాని అవసరం తీరింది. కుదుటపడ్డాక మెహదీపట్నం మీదుగా పంజాగుట్ట వెళ్లి నిమ్స్‌లో చూపించుకోమన్నారు. నిజాం ట్రస్టు డబ్బుతో ఎముకల ఆసుపత్రిగా మొదలైన ఆ సంస్థలో ఇవాళ రుమటాలజీకి వేరే విభాగమే ఉంది. కీళ్లనొప్పి అంటే ఎముకల డాక్టరు అనుకునే మనకు, ఆ విభాగం పేరు ముందే తెలిసి ఉంటే బాగుండేది.

ఆమె బతికింది. కానీ కోల్పోయినది ఒకటుంది, అది చెప్పకుండా ఈ కథ ముగించడం న్యాయం కాదు.

భీమవరంలో 1895లో పుట్టి, రాజమండ్రిలో చదివి, అమెరికా వెళ్లిన యల్లాప్రగడ సుబ్బారావు పేరు తెలుగువాళ్లకు కొత్త కాదు. లెడర్లీ ప్రయోగశాలల్లో ఆయన నడిపించిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని, దానికి విరుగుడుగా పనిచేసే మందులను తయారుచేసింది. వాటిలో ఒకటి మెథోట్రెక్సేట్. ఆయన 1948లో చనిపోయారు. మూడేళ్లకు, 1951లో, ఆ జాతి మందు కీళ్లవాతం మీద పనిచేస్తుందని గబ్నర్ అనే వైద్యుడు రాశాడు. తన గోలీ కోట్లమంది కీళ్లకు ఊరట ఇస్తుందని సుబ్బారావుకు తెలియనే తెలియదు. 2005లో యూరప్‌లో జరిగిన ఒక పరీక్ష ఇంకో సంగతి తేల్చింది. రక్తనాళాల వాపు ఇంకా కీళ్లు, ముక్కు దగ్గరే ఉండి, కిడ్నీ జోలికి గట్టిగా వెళ్లని రోగుల్లో, జబ్బును అణచడానికి సైక్లోఫాస్ఫమైడ్‌కు దీటుగా మెథోట్రెక్సేట్ పనిచేస్తుంది. మందు ఆపాక జబ్బు తిరగబెట్టడం ఎక్కువ, నిజమే. అయినా వారానికి ఒక్కరోజు వేసుకునే, చవకైన గోలీ అది.

కిడ్నీ దెబ్బతిన్నాక ఆ తలుపు మూసుకుపోతుంది. ఆ మందు ఒంట్లోంచి బయటికి పోయేది కిడ్నీల గుండానే, అవి పనిచేయకపోతే అదే విషమవుతుంది. ఆషాఢంలో మణికట్టు వాచినప్పుడో, దసరాకు ముక్కులో రక్తం కనపడినప్పుడో ఎవరైనా రెండింటినీ కలిపి చూసి ఉంటే, భీమవరం బిడ్డ చేసిన గోలీతో ఆమెకు సరిపోయేదేమో. పుష్యంలో అది చేతికందని దూరంలో ఉంది.

పాతబస్తీ పిల్లల తల్లిదండ్రులకు మరొక మాట. రక్తనాళాల వాపు జబ్బుల కుటుంబంలో పిల్లలకు ఎక్కువగా వచ్చేది ఒకటుంది. మోకాళ్లు, చీలమండలు వాచి, కడుపునొప్పి వచ్చి, కాళ్ల మీద చుక్కలు లేస్తాయి. కొందరిలో చుక్కల కంటే ముందే కీళ్లు వాస్తాయి. రెండు వందల ఏళ్ల కిందటే లండన్ వైద్యుడు విలియం హెబర్డెన్ ఒక ఐదేళ్ల బాబులో దీన్ని వర్ణించాడు. 1837లో షోన్‌లైన్ కీళ్లకూ చుక్కలకూ ఉన్న లంకె చెప్పాడు, ఆయన శిష్యుడు హెనోక్ పేగులను కలిపాడు. చాలామంది పిల్లలకు దానంతట అదే తగ్గిపోతుంది. కానీ చుక్కలు పోయాక కూడా కనీసం ఆరు నెలలు మూత్రం చూస్తూ ఉండాలి, కిడ్నీ సమస్య ఆ తర్వాత బయటపడవచ్చు కనుక. బిడ్డ ఆడుకుంటున్నాడు కదా అని ఆ పరీక్షలు మానేయకండి.

ఆ తల్లి క్రియాటినిన్ మామూలు స్థాయికి దిగలేదు, పెరగడం మాత్రం ఆగింది. కుడిపాదంలో మొద్దుబారడం కొంత మిగిలింది, మిషన్ తొక్కుడుకు మోటారు పెట్టించారు. ఆరు నెలలకోసారి మందు ఎక్కించుకోవాలి. ఈ జబ్బు తిరగబెట్టే రకం, తిరగబెట్టేటప్పుడు చాలామందిలో మళ్లీ కీళ్లతోనో ముక్కుతోనో మొదలవుతుంది. అందుకే నిమ్స్ నుంచి వచ్చేటప్పుడు ఆమెకు చెప్పిందొకటే. ఏ కీలు వాచినా నొప్పి గోలీ వేసుకోవద్దు, ఎవరి చేతా సూది వేయించుకోవద్దు. ఆ పొద్దుటి మూత్రం పట్టి బస్తీ దవాఖానకు పంపి, ఆ కాగితం పట్టుకుని రావాలి.